అలర్జీకి, ఉబ్బసానికి మందులు: మాత్రా, స్ప్రేనా, ఇన్‌హేలరా? ఎవరికి ఏది తగినది

అలర్జీతో ఏళ్ల తరబడి బాధపడేవారి మందుల పెట్టె తెరిచి చూస్తే ఐదారు రకాలైనా కనిపిస్తాయి. సగం వాడిన సెట్రిజిన్ స్ట్రిప్పు, ముక్కులో వేసుకునే చుక్కల సీసా, పది రోజులు వాడి పక్కన పెట్టేసిన స్ప్రే, మాంటెలుకాస్ట్ మాత్రలు, మూత పోయిన నీలం రంగు ఇన్‌హేలర్. ఇవన్నీ ఒకే బాధకు మందులన్న అభిప్రాయంతో ఆ పూటకు ఏది చేతికి అందితే అది వేసుకోవడం చాలామందికి అలవాటైపోయింది. కానీ వీటిలో ఒకటి చేసే పని మరొకటి చేయదు. కొన్ని అప్పటికప్పుడు ఊరటనిస్తాయి. మరికొన్ని లోపలి వాపును నెమ్మదిగా తగ్గించి, జబ్బునే అదుపులో ఉంచుతాయి. మొదటి రకం వెంటనే నచ్చుతుంది కనుక చేతిలో ఉండిపోతుంది, రెండో రకం ఫలితం చూపేలోపే మూలకు చేరుతుంది. అలర్జీ మందుల ఎంపికలో నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

ఈ వ్యాసం ముఖ్యంగా రెండు జబ్బుల గురించి: అలర్జీ వల్ల ముక్కుకు వచ్చే బాధ, ఉబ్బసం. చాలామందిలో ఈ రెండూ కలిసే ఉంటాయి. వీటిలో కొన్ని మందులు చీటీ లేకుండానే దొరుకుతాయి, కొన్నింటికి డాక్టరు చీటీ తప్పనిసరి. ఏవైనా సరే, డాక్టరుతో మాట్లాడేటప్పుడు సరైన ప్రశ్న అడగగలగడానికి ఈ పోలిక ఉపయోగపడాలని నా ఉద్దేశం.

ఎంపికకు ముందు చూసుకోవలసినవి

అన్నిటికంటే ముఖ్యమైనది, మిమ్మల్ని ఎక్కువగా వేధిస్తున్న లక్షణం ఏది అన్నది. తుమ్ములు, దురద, ముక్కు నుంచి నీరు కారడం ఎక్కువగా హిస్టమిన్ అనే రసాయనం వల్ల వస్తాయి. దాన్ని అడ్డుకునే యాంటీహిస్టమిన్ మాత్ర వీటికి సరిపోతుంది. ముక్కు దిబ్బడ అలా కాదు. ముక్కు లోపలి పొర వాచి, అక్కడి రక్తనాళాలు ఉబ్బడం వల్ల వచ్చే ఆ బాధ హిస్టమిన్‌ను అడ్డుకున్నంత మాత్రాన పెద్దగా తగ్గదు. ఇక ఛాతీ పట్టేసినట్లుండటం, పిల్లికూతలు, తెల్లవారుజామున లేపే దగ్గు ఉంటే సమస్య శ్వాసనాళాలదాకా వెళ్లిందని అర్థం; అప్పుడు ముక్కు మందులతో కాలయాపన చేయకూడదు.

రెండోది, బాధ ఎన్నాళ్లుగా, ఎంత తరచుగా ఉంటోంది అన్నది. వారంలో 4 రోజులకు మించి, వరుసగా 4 వారాలకు మించి లక్షణాలు ఉంటే వైద్యులు దాన్ని ఎడతెగని రకంగా లెక్కిస్తారు. అలాంటివారు బాధ వచ్చినప్పుడు మాత్ర వేసుకునే పద్ధతిని వదిలి, రోజూ వాడే మందుకు మారడం మంచిది. ఏడాదికి నాలుగైదు సార్లు దుమ్ములో పని చేసినప్పుడు మాత్రమే తుమ్మేవారికి ఆ అవసరం లేదు.

మిగిలినవి వ్యక్తిని బట్టి ఉంటాయి: మెలకువగా ఉండవలసిన పనా, వయసెంత, గర్భమా, కిడ్నీ, ప్రోస్టేట్, రక్తపోటు, గ్లకోమా వంటి ఇబ్బందులున్నాయా, ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారు అన్నవి.

| మందు రకం | దేనికి బాగా పనిచేస్తుంది | ఎంతసేపటికి | ఎంతకాలం | గమనించవలసింది |
|---|---|---|---|---|
| పాత యాంటీహిస్టమిన్లు | తుమ్ములు, దురద, నీరు కారడం | గంటలోపు | రోజూ వాడటానికి తగవు | మగత, నోరు ఎండిపోవడం |
| కొత్త యాంటీహిస్టమిన్లు | పై లక్షణాలకే | 1 నుంచి 3 గంటలు | నెలల తరబడి వాడవచ్చు | దిబ్బడకు అంతంతమాత్రం |
| ముక్కు స్టెరాయిడ్ స్ప్రే | దిబ్బడతో సహా ముక్కు లక్షణాలన్నిటికీ | పూర్తి ఫలితానికి సుమారు 2 వారాలు | నెలల తరబడి వాడవచ్చు | ముక్కు పొడిబారడం, కొద్దిగా రక్తం |
| దిబ్బడ చుక్కలు | దిబ్బడకు మాత్రమే | కొన్ని నిమిషాలు | 3 నుంచి 5 రోజులే | మానేస్తే దిబ్బడ తిరగబెట్టడం |
| మాంటెలుకాస్ట్ | ఉబ్బసానికి తోడుగా, కొంత ముక్కుకు | ఒకటి రెండు రోజులు | డాక్టరు పర్యవేక్షణలో | నిద్రలో, మనసులో మార్పులు |
| సాల్బుటమాల్ ఇన్‌హేలర్ | పిల్లికూతలు, ఆయాసం | కొన్ని నిమిషాలు | అవసరమైనప్పుడే | వాపును తగ్గించదు |
| పీల్చే స్టెరాయిడ్ | ఉబ్బసానికి మూలమైన వాపు | రోజుల నుంచి వారాలు | దీర్ఘకాలం | నోటిలో తెల్లపూత, గొంతు బొంగురు |

యాంటీహిస్టమిన్ మాత్రలు: పాతవా, కొత్తవా

క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్, హైడ్రాక్సిజిన్ పాత తరానివి. ఇవి రక్తం నుంచి మెదడులోకి సులువుగా చేరతాయి కనుకనే మగత కలిగిస్తాయి. రాత్రి వేసుకున్న మాత్ర ప్రభావం మర్నాడు ఉదయం దాకా మిగిలి, తనకు మగతగా లేదని మనిషి అనుకుంటున్నా బండి నడిపేటప్పుడు స్పందన మందగించవచ్చు. పెద్దవయసువారిలో మూత్రం ఆగిపోవడం, మలబద్ధకం, తికమక పడటం, తూలి పడిపోవడం వంటివి వీటివల్ల వస్తాయి. నిద్ర పడుతుందన్న కారణంతో వీటిని రోజూ వేసుకునేవారున్నారు. అది నిద్రలేమికి సరైన వైద్యం కాదు, అలర్జీకీ కాదు. నా అభిప్రాయంలో రోజువారీ అలర్జీకి పాత మందులను ఎంచుకోవడానికి ఇప్పుడు సరైన కారణమేదీ మిగల్లేదు. దగ్గు, జలుబు సిరప్‌లలో ఇవి పేరు కనబడకుండా కలిసి ఉంటాయి కనుక సీసా వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదవడం అలవాటు చేసుకోవాలి.

కొత్త తరంలో సెట్రిజిన్, లెవోసెట్రిజిన్, లోరాటడిన్, డెస్‌లోరాటడిన్, ఫెక్సోఫెనడిన్, బిలాస్టిన్ ఉన్నాయి. వీటి పనితనంలో తేడా కంటే మగతలోనూ, వేసుకునే పద్ధతిలోనూ తేడాలు ఎక్కువ. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్ కొందరికి ఇంకా మగత తెస్తాయి. ఫెక్సోఫెనడిన్ మెదడులోకి దాదాపు చేరదు. డ్రైవర్లకు, యంత్రాల దగ్గర పనిచేసేవారికి, పరీక్షలు రాసేవారికి నేను ముందుగా సూచించేది అదే. అయితే దాన్ని పండ్లరసంతో వేసుకుంటే శరీరానికి అందే మందు బాగా తగ్గిపోతుంది. అల్యూమినియం, మెగ్నీషియం ఉన్న యాంటాసిడ్‌లతో కలిపి వేసుకున్నా అంతే. నీటితోనే మింగాలి. బిలాస్టిన్‌ను భోజనానికి గంట ముందుగానీ, రెండు గంటల తరువాతగానీ ఖాళీ కడుపుతో వేసుకోవాలి. సెట్రిజిన్‌కు ఈ నియమాలేవీ లేవు, కానీ అది మూత్రం ద్వారా బయటికి పోయే మందు కనుక కిడ్నీ సరిగా పనిచేయనివారికి మోతాదు తగ్గించాలి.

ఈ మందుల పేర్ల వెనుక ఒక బంధుత్వం ఉంది. హైడ్రాక్సిజిన్‌ను శరీరం మార్చుకోగా వచ్చేది సెట్రిజిన్; అందులోని పనిచేసే సగమే లెవోసెట్రిజిన్. అందుకే 10 మిల్లీగ్రాముల సెట్రిజిన్‌కు 5 మిల్లీగ్రాముల లెవోసెట్రిజిన్ సమానం. ఒకటి పనిచేయలేదని దాని పక్కన రెండోది వేసుకోవడమంటే అదే మందును రెండుసార్లు మింగడమే. మార్చదలిస్తే వేరే కుటుంబంలోని ఫెక్సోఫెనడిన్‌కో, లోరాటడిన్‌కో మారాలి. సెట్రిజిన్, లెవోసెట్రిజిన్‌లను నెలల తరబడి రోజూ వాడి ఒక్కసారిగా ఆపినప్పుడు అరుదుగా కొందరికి ఒళ్లంతా తీవ్రమైన దురద వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2025 మే నెలలో హెచ్చరించింది. అలా వస్తే అలర్జీ ముదిరిందని భయపడకుండా, మోతాదు క్రమంగా తగ్గించే పద్ధతి గురించి డాక్టరును అడగాలి.

ముక్కు స్టెరాయిడ్ స్ప్రే: భయపడి దూరం పెట్టే మందు

ఫ్లూటికాసోన్, మొమెటాసోన్, బ్యుడెసొనైడ్ స్ప్రేలు ఈ కోవలోవి. ఎడతెగని బాధకు, ముఖ్యంగా దిబ్బడకు, మాత్రల కంటే ఇవి మెరుగ్గా పనిచేస్తాయని ఎన్నో అధ్యయనాల్లో తేలింది. అయినా ‘స్టెరాయిడ్’ అన్న ఒక్క మాటకు భయపడి వీటిని వదిలేసేవారు, రాత్రంతా నోటితో గాలి పీలుస్తూ ఏళ్లు గడిపేవారు నాకు తెలుసు. ఆ భయానికి మూలం నోటితో మింగే స్టెరాయిడ్ మాత్రల దుష్ఫలితాలు. స్ప్రేలో మందు మైక్రోగ్రాముల్లో ఉంటుంది. ఫ్లూటికాసోన్, మొమెటాసోన్‌లలో గొంతులోకి జారిన కొద్దిపాటి మందును కూడా కాలేయం చాలావరకు విరిచేస్తుంది, రక్తంలోకి చేరేది అత్యల్పం. పిల్లలకు దీర్ఘకాలం వాడవలసి వస్తే అవసరమైనంత తక్కువ మోతాదులో వాడుతూ అప్పుడప్పుడూ ఎత్తు కొలిపించడం మంచిది.

పనిచేయలేదన్న ఫిర్యాదుల్లో చాలావరకు కొట్టుకునే తీరులోని లోపాలే. ముక్కు చీది శుభ్రం చేసుకోవాలి. సీసాను కదిపి, తల వెనక్కి వాల్చకుండా కొద్దిగా ముందుకు వంచాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టుకుంటే స్ప్రే కొస తనంతట తానే చెవి వైపు తిరుగుతుంది, మధ్య గోడకు తగలదు. ముక్కు నుంచి రక్తం రావడానికి మందు నేరుగా ఆ గోడకు తగలడమే ప్రధాన కారణం. కొట్టుకున్నాక గట్టిగా ఎగపీల్చకూడదు. మందు గొంతులోకి జారి చేదు తగిలిందంటే, చేరవలసిన చోట అది నిలవలేదని అర్థం. ఈ విధంగా రోజూ రెండు నుంచి నాలుగు వారాలు వాడిన తరువాతే అది పనికొచ్చిందో లేదో తేల్చాలి.

స్ప్రే ఒక్కటీ చాలనప్పుడు దానికి యాంటీహిస్టమిన్ మాత్ర జతచేస్తే అదనంగా కలిగే మేలు స్వల్పం. దానికి బదులు అజెలాస్టిన్ అనే యాంటీహిస్టమిన్ స్ప్రేను జతచేస్తే ఫలితం స్పష్టంగా పెరుగుతుంది. అది పావుగంట, అరగంటలో పనిచేయడం మొదలుపెడుతుంది, కాకపోతే చేదుగా ఉంటుంది. కళ్ల దురదే ప్రధాన బాధ అయితే ఓలోపటడిన్, కీటోటిఫెన్ వంటి కంటిచుక్కలు నేరుగా పనిచేస్తాయి. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం ఏ మందుకైనా మంచి తోడు, కానీ కాచి చల్లార్చిన నీటినో, డిస్టిల్డ్ నీటినో మాత్రమే వాడాలి.

దిబ్బడ చుక్కలు, దిబ్బడ మాత్రలు

ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు కొన్ని నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. ఆ వేగమే వాటి ప్రమాదం. రక్తనాళాలను బలవంతంగా కుదించే ఈ మందును 3 నుంచి 5 రోజులకు మించి వాడితే, ప్రభావం తగ్గగానే ముక్కు మునుపటికంటే గట్టిగా మూసుకుపోతుంది. మళ్లీ చుక్కలు వేస్తే తెరుచుకుంటుంది, మళ్లీ మూసుకుంటుంది. దిండు కింద సీసా లేకుండా నిద్రపోలేని స్థితికి మనిషి ఇలాగే చేరుకుంటాడు. ఆ స్థితిలో ఉన్నవారికి బయటపడే దారి ఉంది: డాక్టరు సలహాతో స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలను ఆపేయాలి. మొదటి వారం కష్టంగా గడుస్తుంది, ఆ తరువాత ముక్కు తనంతట తానే కుదుటపడుతుంది. తీవ్రమైన జలుబులో రెండు రాత్రుల కోసమైతే ఈ చుక్కలు మంచివే.

మాత్రల్లో ఫెనిలెఫ్రిన్ గురించి నిర్మొహమాటంగా చెప్పాలి. నోటితో తీసుకునే మోతాదులో అది దిబ్బడకు పనిచేయదని ఎఫ్‌డీఏ సలహా సంఘం 2023 సెప్టెంబరులో ఏకగ్రీవంగా తేల్చింది. సూడోఎఫెడ్రిన్ పనిచేస్తుంది కానీ గుండెదడ, నిద్రలేమి తెస్తుంది, రక్తపోటును పెంచుతుంది; గుండెజబ్బు, అధిక రక్తపోటు ఉన్నవారు దాన్ని దూరంగా ఉంచాలి.

మాంటెలుకాస్ట్: ఎవరికి, ఎప్పుడు

లూకోట్రైన్ అనే రసాయనాలను అడ్డుకునే ఈ మాత్రను లెవోసెట్రిజిన్‌తో కలిపి ఒకే మాత్రగా ఎంతోమంది వాడుతున్నారు. ముక్కు అలర్జీకి దీని ఒక్కదాని బలం యాంటీహిస్టమిన్ స్థాయిలోనే ఉంటుంది, స్టెరాయిడ్ స్ప్రే కంటే తక్కువ. పీడకలలు, చిరాకు, కుంగుబాటు, అరుదుగా ఆత్మహత్య ఆలోచనలు కలుగుతున్న కారణంగా 2020 మార్చిలో ఎఫ్‌డీఏ దీనికి తన అత్యంత తీవ్రమైన హెచ్చరికను తగిలించింది. ముక్కు అలర్జీకైతే ఇతర మందులు సరిపడనివారికి మాత్రమే ఇవ్వాలని చెప్పింది. ఉబ్బసం కూడా ఉన్నవారికి, ఇన్‌హేలర్ సరిగా పీల్చలేనివారికి, ఆస్పిరిన్ పడని ఉబ్బసం ఉన్నవారికి దీనికి తగిన చోటు ఉంది. పిల్లలకు ఇస్తున్నప్పుడు నిద్ర, ప్రవర్తన మారుతున్నాయేమో తల్లిదండ్రులు కనిపెట్టి ఉండాలి. మారితే మాత్ర ఆపి, వెంటనే డాక్టరుకు చెప్పాలి.

ఉబ్బసానికి ఇన్‌హేలర్: ఎంపిక తప్పితే నష్టం పెద్దది

సాల్బుటమాల్ శ్వాసనాళాల చుట్టూ బిగుసుకున్న కండరాన్ని కొన్ని నిమిషాల్లో వదులు చేస్తుంది. ఆ ఊరట 4 నుంచి 6 గంటలు ఉంటుంది. లోపలి వాపు మాత్రం అలాగే మిగిలి, రోజురోజుకూ పెరుగుతుంది. ఊరట దొరుకుతోంది కనుక జబ్బు అదుపులోనే ఉందని మనిషి నమ్ముతాడు. ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ఉబ్బసంపై అంతర్జాతీయ మార్గదర్శకాలు ఇచ్చే గీనా సంస్థ 2019లో తన సలహాను మార్చింది: పెద్దలకు, 12 ఏళ్లు దాటినవారికి సాల్బుటమాల్ ఒక్కటే ఇచ్చి సరిపెట్టకూడదు, పీల్చే స్టెరాయిడ్ ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రూపంలో అందాలి. ఏడాదిలో 200 మోతాదుల సాల్బుటమాల్ ఇన్‌హేలర్లు మూడు లేక అంతకు మించి ఖాళీ అవుతుంటే, తీవ్రమైన ఆయాసం వచ్చే ముప్పు పెరిగినట్టే. మీ ఇంట్లో ఏడాదికి ఎన్ని ఖాళీ అవుతున్నాయో ఒకసారి లెక్క చూసుకోండి.

ఎంపిక ప్రధానంగా రెండు పద్ధతుల మధ్య ఉంటుంది. మొదటిది, బ్యుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్‌ను ఫార్మోటెరాల్‌తో కలిపిన ఒకే ఇన్‌హేలర్. ఫార్మోటెరాల్ సాల్బుటమాల్ లాగే నిమిషాల్లో పనిచేసి 12 గంటల దాకా నిలుస్తుంది కనుక తేలికపాటి ఉబ్బసంలో అవసరమైనప్పుడు మాత్రమే దీన్ని పీల్చవచ్చు, కొంచెం ఎక్కువున్నవారు రోజూ వాడుతూ ఆయాసం వచ్చినప్పుడు అదనంగానూ పీల్చవచ్చు. ఊరట కోసం పీల్చిన ప్రతిసారీ వాపుకు మందు కూడా లోపలికి వెళ్తుంది. రోజూ మందు తీసుకోవడం మరిచిపోయేవారికి నేను దీన్నే మెరుగైనదిగా భావిస్తాను. రెండోది, రోజూ ఒక స్టెరాయిడ్ ఇన్‌హేలర్, ఊరటకు వేరే సాల్బుటమాల్. క్రమం తప్పనివారికి ఇది బాగానే పనిచేస్తుంది. సాల్మెటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌ను మాత్రం ఆయాసం వచ్చినప్పుడు పీల్చకూడదు, అది పనిచేయడం ఆలస్యంగా మొదలవుతుంది. ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ వంటి దీర్ఘకాలం నిలిచే మందులను స్టెరాయిడ్ లేకుండా విడిగా వాడటం ఉబ్బసంలో ప్రమాదకరం.

పరికరం ఎంపికా మందంత ముఖ్యమే. డబ్బా నొక్కే రకానికి నెమ్మదిగా, లోతుగా గాలి పీల్చాలి. పొడి మందు రకానికి వేగంగా, బలంగా పీల్చాలి. ఊపిరి బలం తక్కువగా ఉన్న వృద్ధులకు, చిన్నపిల్లలకు పొడి రకం కుదరదు. నొక్కే రకానికి స్పేసర్ అనే గొట్టం తగిలిస్తే నొక్కడం, పీల్చడం ఒకే క్షణంలో జరగాలన్న ఇబ్బంది తప్పుతుంది, గొంతులో పేరుకునే మందూ తగ్గుతుంది. స్టెరాయిడ్ పీల్చిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

పొగ తాగడం వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీ, పైకి ఉబ్బసంలాగే కనిపించినా దానికి ఎంపిక వేరు. అక్కడ టియోట్రోపియం వంటి దీర్ఘకాలం నిలిచే, నాళాలను వెడల్పు చేసే మందులు ముందు వస్తాయి. స్టెరాయిడ్ అందరికీ అవసరం లేదు, పైగా న్యుమోనియా ముప్పును కొంత పెంచుతుంది. కనుక ఇంట్లో ఒకరి ఇన్‌హేలర్ మరొకరికి ఇవ్వకూడదు.

కొన్ని ప్రత్యేక పరిస్థితులు

గర్భిణులు ఉబ్బసం మందులను సొంతంగా మానేయడం బిడ్డకు మందులకంటే ఎక్కువ హాని చేస్తుంది. పీల్చే స్టెరాయిడ్లలో బ్యుడెసొనైడ్‌కు, మాత్రల్లో సెట్రిజిన్, లోరాటడిన్‌లకు గర్భిణులలో వాడిన అనుభవం ఎక్కువగా ఉంది. రెండేళ్లలోపు పిల్లలకు జలుబు, దగ్గు సిరప్‌లు ఇవ్వవద్దు. రక్తపోటుకు, గుండెకు, కొన్నిసార్లు గ్లకోమాకు కంటిచుక్కలుగా వాడే బీటా బ్లాకర్లు ఉబ్బసాన్ని రెచ్చగొట్టగలవు. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా తమకు ఉబ్బసం ఉందని ముందే చెప్పాలి.

మందులన్నీ సక్రమంగా వాడినా బాధ తగ్గనివారికి, ఏ వస్తువుతో అలర్జీ వస్తోందో పరీక్షలో తేలినవారికి ఇమ్యునోథెరపీ, అంటే ఆ వస్తువునే కొద్దికొద్దిగా ఇచ్చి శరీరానికి అలవాటు చేసే చికిత్స ఉంది. సూదిగానో, నాలుక కింద మాత్రగానో 3 నుంచి 5 ఏళ్లు తీసుకోవాలి. ఆపిన తరువాత కూడా మేలు నిలిచి ఉండే అవకాశం ఉన్న చికిత్స ఇదొక్కటే. తీవ్ర ఉబ్బసానికి ఒమాలిజుమాబ్ వంటి ఇంజెక్షన్లను నిపుణులు పరీక్షించి నిర్ణయిస్తారు.

ఒక సందర్భంలో పైన పోల్చిన మందులేవీ మొదటి మందు కావు. తిన్నది, కుట్టినది, లేదా వేసుకున్న మందు పడక కొన్ని నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు, గొంతు వాచి, ఊపిరి అందక, కళ్లు తిరుగుతుంటే అది అనాఫిలాక్సిస్. దానికి మొదటి మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సెట్రిజిన్ మింగి తగ్గుతుందేమోనని ఎదురుచూడకూడదు. ఇంజెక్షన్ ఇచ్చాక మనిషిని పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టాలి. తగ్గినట్లనిపించినా ఆస్పత్రికి తీసుకువెళ్లాలి, ఎందుకంటే కొన్ని గంటల తరువాత లక్షణాలు మళ్లీ రావచ్చు.